నాణేల రాశులకు నెలవు చూపిన యాజ్దాని

నల్గొండ: దున్నుతున్న నాగలికి కుండ తగిలిందన్న మాట ఊరు దాటకముందే అందులోని నాణేలు కంసాలి కొలిమికో, వ్యాపారి సంచిలోకో చేరిపోవడం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. అలా చెదిరిపోయే సంపదను సేకరించి, భద్రపరచి, పరిశీలించే వ్యవస్థకు హైదరాబాద్ రాజ్యంలో పునాది వేసిన పండితుడు గులాం యాజ్దాని. నాటి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆయన శాఖ పరిధిలోనివే.

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు..

యాజ్దాని 1885లో ఢిల్లీలో జన్మించారు. అరబిక్, పారశీక భాషల్లో గొప్ప విద్వాంసుడిగా పేరొందారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పినపుడు, భారత పురావస్తు శాఖాధిపతి జాన్ మార్షల్ సిఫారసుపై దాని బాధ్యతలు స్వీకరించారు. 1943లో పదవీ విరమణ చేసే వరకు దాదాపు మూడు దశాబ్దాలు ఆ శాఖను నడిపించారు. అజంతా చిత్రాలపై నాలుగు సంపుటాలు వెలువరించారు. పాలంపేట ఆలయాలపై 1922లో గ్రంథం ప్రచురించారు.

మ్యూజియం, తవ్వకాలు

1930లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం ప్రారంభం కావడంతో పల్లెల్లో దొరికిన నాణేలకు ఒక నెలవు ఏర్పడింది. 1941-42లో నాటి మెదక్ జిల్లాలోని కొండాపూర్‌లో యాజ్దాని తవ్వకాలు జరిపించారు. శాతవాహనుల కాలం నాటి పట్టణం, వందలాది నాణేలు వెలుగుచూశాయి. అంగట్లో కొన్న నాణేనికి ధర మాత్రమే తెలుస్తుంది. తవ్వకంలో దొరికిన నాణేనికి స్థలం, కాలం, తోటి వస్తువులు కూడా సాక్ష్యం పలుకుతాయి. ఆ తేడాను కొండాపూర్ స్పష్టం చేసింది.

అక్కనపల్లి చెప్పిన పాఠం

నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేల రాశి లభించింది. వాటిలో అధికభాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాటివి. నాణేల శాస్త్రవేత్త పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేలపై రాసిన గ్రంథంలో ఈ రాశిని వివరించారు. పాలమూరులోని వీపనగండ్ల ప్రాంతంలోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కృష్ణా తీరానికి సముద్రాంతర వాణిజ్యంతో గల సంబంధాన్ని ఇవి చాటుతున్నాయి.

రాశి చెదిరితే..

పాత నాణేల విపణిని నడిపించేవి ఇటువంటి రాశులే. అరుదైనదిగా పేరొందిన నాణెం ఒక్కసారిగా వందల సంఖ్యలో బయటపడితే దాని ధర పడిపోతుంది. అందుచేత కొందరు వ్యాపారులు సరుకును కొద్దికొద్దిగా వదులుతారు. దొరికిన చోటును గోప్యంగా ఉంచుతారు. మేలైన నాణేలు సేకర్తల పెట్టెల్లోకి, అరిగినవి కొలిమిలోకి వెళ్తాయి. రాశిలోని చివరి నాణెమే దానిని ఎప్పుడు పాతిపెట్టారో తెలిపే ప్రధాన ఆధారం. ఆ ఒక్కటి విడిపోతే మిగిలిన వందల నాణేలు మూగబోతాయి. అక్కనపల్లి రాశి విడివిడిగా అమ్ముడై ఉంటే 1,531 అన్న లెక్క కూడా మనకు మిగిలేది కాదు.

చివరి కృషి

ఉద్యోగ విరమణ తరువాత కూడా యాజ్దాని విశ్రమించలేదు. బీదర్ కట్టడాలపై ఆయన గ్రంథం 1947లో వెలువడింది. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. ఆయన సంపాదకత్వంలో దక్కన్ ప్రాచీన చరిత్ర గ్రంథం 1960లో వచ్చింది. 1962లో కన్నుమూశారు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు పురావస్తువులే. వాటిని వ్యాపారులు విదేశాలకు తరలించడం నేరం. అయితే చట్టం రంగంలోకి వచ్చేలోగానే కుండ ఖాళీ అయితే ప్రయోజనం శూన్యం. పొలంలో నాణేలు కనిపించిన రైతు వాటిని కడగకుండా, పంచుకోకుండా, దొరికినవి దొరికినట్లుగా తహసీల్దారుకు తెలియజేస్తే ఆ ఊరి చరిత్ర ఆ ఊరి పేరుతోనే నిలుస్తుంది. యాజ్దాని వేసిన బాటకు అదే సార్థకత.