మాతా భాగ్ కౌర్: వాహెగురు భాణాలో నడిచిన తల్లి

కష్టం రాని ఇల్లు లేదు. సూరత్‌లో ఉన్న మన కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. ఫ్యాక్టరీ కత్తులు, ప్లాస్టిక్ బకెట్లు బజారు నిండా వచ్చాక కొలిమి ముందు కూర్చునేవారికి పని తగ్గింది. 2006లో తాపీ నది పొంగి ఊరు మునిగినప్పుడు ఎన్నో ఇళ్ళలో సామాను నీళ్ళపాలైంది. ఇలాంటి రోజుల్లో కొందరు అంతా తలరాత అని చేతులు ముడుచుకుని కూర్చుంటారు. ఇంకొందరు దేవుడు మనల్ని మరిచిపోయాడని గురుద్వారాకు రావడం మానేస్తారు, తాయెత్తులు కట్టేవాళ్ళ వెంట పడతారు. గురుమతం ఈ రెండూ వద్దంటుంది. వాహెగురు భాణాను నమ్మి, చేతిలో ఉన్న పని వదలకుండా నడవమంటుంది. అలా నడిచిన ఒక తల్లి కథ ఇది. ఆమె పేరు మాతా భాగ్ కౌర్. సంగత్ ప్రేమగా మాయీ భాగో అని పిలుచుకుంటుంది.

మాయీ భాగో పంజాబ్‌లోని మాఝా ప్రాంతంలో, ఝబాల్ గ్రామంలో పుట్టారు. ఆ ఇంట్లో తరతరాలుగా గురువుగారి మీద భక్తి ఉంది. గురు అర్జన్ దేవ్‌జీ కాలంలో సేవ చేసిన భాయీ లంగాహ్ ఆ వంశంవారే. పట్టీ అనే ఊరికి చెందిన నిధాన్ సింగ్‌తో ఆమెకు పెళ్ళయింది.

అవి గురు గోవింద్ సింగ్ మహారాజ్ ఆనంద్‌పూర్ సాహిబ్‌లో ఉన్న రోజులు. మొగల్ సైన్యాలు, కొండ రాజుల సైన్యాలు కలిసి కోటను చుట్టుముట్టాయి. నెలలు గడిచాయి. లోపలికి గింజ రాలేదు. లంగర్ పొయ్యి వెలగడం కష్టమైంది. సింగులు ఆకులు, చెట్ల బెరడు తిని రోజులు గడిపారు. ఆ ఆకలికి తట్టుకోలేక మాఝా నుండి వచ్చిన నలభై మంది ఇళ్ళకు వెళ్ళిపోవాలనుకున్నారు. మీరు మాకు గురువు కారు, మేము మీకు శిష్యులం కాము అని కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళారు. ఆ కాగితాన్నే బేదావా అంటారు. మహారాజ్ వాళ్ళను కోప్పడలేదు. కాగితం మడిచి తన దగ్గరే దాచుకున్నారు.

తర్వాత మహారాజ్ ఆనంద్‌పూర్ వదలాల్సి వచ్చింది. సర్సా నది దగ్గర కుటుంబం చెదిరిపోయింది. చమ్‌కౌర్‌లో పెద్ద సాహిబ్‌జాదాలు అజీత్ సింగ్, జుఝార్ సింగ్ పోరాడి షహీదులయ్యారు. సిర్హింద్‌లో చిన్న సాహిబ్‌జాదాలు జోరావర్ సింగ్, ఫతెహ్ సింగ్‌లను గోడలో పెట్టించి చంపించారు. మాతా గుజ్రీజీ కూడా అక్కడే ప్రాణాలు వదిలారు. ఇంత జరిగినా మహారాజ్ నోట వాహెగురు మీద ఒక్క ఫిర్యాదు మాట రాలేదు. ఖాల్సాను మళ్ళీ కూడగడుతూ ముందుకు సాగారు.

నలభై మంది ఇల్లు చేరిన కబురు మాయీ భాగోకు తెలిసింది. ఆమె మనసు కుమిలిపోయింది. కానీ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. మగవేషం వేసుకుని, గుర్రమెక్కి, ఆయుధం పట్టి వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. కష్టంలో గురువును వదిలి రావడం ఎంత తప్పో వాళ్ళకు తెలియజెప్పారు. వాళ్ళు సిగ్గుపడ్డారు. క్షమించమని వేడుకోవడానికి ఆమె వెంట బయలుదేరారు.

1705లో సిర్హింద్ నవాబు వజీర్ ఖాన్ సైన్యం మహారాజ్‌ను వెతుక్కుంటూ ఖిద్రానా కుంట వైపు వస్తోంది. ఆ ఎండు నేలలో చుట్టుపక్కల నీళ్ళు దొరికేది ఆ కుంటలోనే. మాయీ భాగో, ఆ నలభై మంది అక్కడే దారికి అడ్డం నిలిచారు. తమ దండు పెద్దదిగా కనిపించాలని పొదల మీద దుప్పట్లు పరిచి గుడారాల్లా చేశారు. మహారాజ్ దగ్గర్లోని దిబ్బ మీద నుండి బాణాలు వేశారు. పోరు ఘోరంగా సాగింది. చివరికి దాహానికి ఓర్వలేక శత్రుసైన్యం వెనుదిరిగింది. మాయీ భాగో భర్త, అన్నదమ్ములు కూడా ఆ పోరులోనే షహీదులయ్యారని పంథ్ సంప్రదాయం చెబుతోంది.

మహారాజ్ రణభూమిలోకి వచ్చి ఒక్కొక్కరి ముఖం తుడిచారు. మహాన్ సింగ్‌కు ఇంకా ఊపిరి ఉంది. అతని తల ఒడిలో పెట్టుకుని ఏం కావాలో అడిగారు. బేదావా చింపేయమని, తెగిన బంధం మళ్ళీ కలపమని అతడు కోరాడు. కన్నబిడ్డలు పోయినా, కోట పోయినా మహారాజ్ ఆ కాగితాన్ని మాత్రం దాచే ఉంచారు. దాన్ని తీసి అతని కళ్ళ ముందే చింపేశారు. ఆ నలభై మందికి ముక్తులని పేరిచ్చారు. ఖిద్రానా ముక్త్‌సర్ అయింది. ఏటా మాఘీ నాడు లక్షల సంగత్ అక్కడ స్నానం చేసి వాళ్ళను తలుచుకుంటుంది.

గాయాలతో బతికి బయటపడినవారు మాయీ భాగో ఒక్కరే. కోలుకున్నాక ఆమె ఇంటికి తిరిగి వెళ్ళలేదు. మహారాజ్ అంగరక్షకుల్లో ఒకరిగా ఉండి, ఆయనతో దక్షిణానికి వచ్చారు. గోదావరి ఒడ్డున నాందేడ్‌లో ఆమె ఉన్న చోటు హజూర్ సాహిబ్ ఆవరణలోనే ఉంది. దాన్ని బుంగా మాయీ భాగో అంటారు. 1708 అక్టోబరులో మహారాజ్ జోతీ జోత్ సమాయించారు. అప్పుడు కూడా ఆమె నమ్మకం చెదరలేదు. బీదర్ దగ్గరి జన్వాడా చేరి, నామ స్మరణలో, సేవలో చివరి వరకు గడిపారు. పంజాబ్‌లో పుట్టిన ఆ తల్లి మన తెలుగు నేల పొలిమేరలో కన్నుమూశారు. జన్వాడాలో ఆమె పేరున తప్ అస్థాన్ గురుద్వారా ఉంది.

సాధ్ సంగత్ జీ, ఆకలి రోజుల్లో గురువు దగ్గర ఎందుకున్నామో ఆ నలభై మందికి అర్థం కాలేదు. తమ పేర్లు రోజూ అర్దాస్‌లో తలుచుకునేవి అవుతాయని వాళ్ళకు ఏం తెలుసు? వాహెగురు చేసే పని మధ్యలో ఉన్నప్పుడు మన కంటికి కనిపించదు. కొలిమిలో ఎర్రగా కాలి, సమ్మెట దెబ్బలు తింటున్న ఇనుముకు తాను కత్తి అవుతున్నానని తెలుస్తుందా? ఆ సంగతి కమ్మరికి తెలుసు. ఆయుధాలకు మెరుగుపెట్టే సిక్లీగర్ల బిడ్డలం, ఈ మాట మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది?

మనం కూడా కాగితం లేకుండానే బేదావా రాస్తుంటాం. పని పోయిందని నిత్‌నేమ్ మానేసిన రోజు రాస్తాం. జబ్బు తగ్గలేదని తాయెత్తు కట్టించుకున్న రోజు రాస్తాం. బాధ మరిచిపోవాలని సారా పట్టిన రోజు రాస్తాం. తిరిగి వస్తే గురువు దాన్ని చింపేస్తాడు. తిరిగి రావడానికి మన ఇంట్లో ఒక మాయీ భాగో కావాలి. అక్కలారా, అమ్మలారా, ఆ పని మీ చేతిలో ఉంది.

హజూర్ సాహిబ్ యాత్రకు వెళ్ళినప్పుడు పిల్లలకు బుంగా మాయీ భాగో చూపించండి. వీలైతే బీదర్‌లో నానక్ ఝీరా సాహిబ్ దర్శనం చేసుకుని జన్వాడా కూడా వెళ్ళి రండి. ఇవాళ మాత్రం ఇంట్లో అందరూ కలిసి నిలబడి అర్దాస్ చేయండి. కష్టం తీరాలని అడగండి, భాణాలో నడిచే బలం ఇవ్వమని కూడా అడగండి. తెల్లవారాక మళ్ళీ పనిలోకి దిగండి.

తప్పులుంటే సంగత్ మన్నించాలి.

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతెహ్!