ప్రతిఫలం కోరని కృప: జాన్ క్లఫ్ జీవితం

దయ చూపడం సులభం. దానికి బదులు కోరకుండుట కష్టం. ఆ కఠినమార్గాన నడచిన మహనీయుడు జాన్ ఎవరెట్ క్లఫ్. తెలుగునాటి సరిహద్దున, బీదరులో తెలుగు అక్షరాలు దిద్దుకొనే మన విద్యార్థులకు ఆయన జీవితం మార్గదర్శకం.

1836లో అమెరికాలో జన్మించిన క్లఫ్ యౌవనంలో భూమి సర్వే పని చేశారు. 1866లో బాప్టిస్టు మిషనరీగా ఒంగోలు చేరి, మాదిగపల్లెలలో సేవ ప్రారంభించారు.

1876-78 నాటి మహాక్షామంలో పల్లెలు ఆకలితో అల్లాడాయి. క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకొన్నారు. యౌవనంలో నేర్చిన విద్య అక్కరకు వచ్చింది. పురుషులు మట్టి తవ్వగా స్త్రీలు తట్టలతో మోశారు. వేలమందికి భిక్ష కాక, కష్టార్జితమైన కూడు దొరికింది.

ఆ దినాలలో అనేకులు బాప్తిస్మం కోరారు. క్లఫ్ అంగీకరించలేదు. కూటి కొరకు ఎవరూ మతం స్వీకరించరాదని ఆయన నిశ్చయం. క్షామసహాయం ముగిసే వరకు, ఏడాదికి పైగా, ఆ నిశ్చయం సడలలేదు. పిదప 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1910లో క్లఫ్ పరమపదించారు.

చదువులో వెనుకబడిన బాలుని చేరదీయునపుడు, పొరుగువాని అప్పు మన్నించునపుడు, చేసిన మేలును మరల గుర్తుచేయకుండుటే కృప. పుచ్చుకొన్నవాని తల వంచనీయని చేయియే నిజముగా ఇచ్చిన చేయి.