డాక్టర్ ఖానోల్కర్

వసంత్ రాంజీ ఖానోల్కర్ 1895లో జన్మించి, లండనులో రోగవిజ్ఞానశాస్త్రము నభ్యసించి, 1923లో ఎం.డి. పట్టము నొందిరి. స్వదేశమునకు మరలి బొంబాయి వైద్యకళాశాలలందు బోధకులైరి. 1941లో టాటా స్మారక వైద్యాలయము వెలసినప్పుడు దాని ప్రయోగశాలల భారమును వహించిరి.

రోగవిజ్ఞాని చికిత్స చేయువాడు కాడు. శస్త్రవైద్యుడు కోసి యిచ్చిన కండను పలుచని పొరలుగా తరిగి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచి, అది సామాన్యమైన పుండో రాచపుండో తేల్చుట యాతని పని. ఖానోల్కర్ అంతటితో తృప్తి చెందలేదు. ఈ దేశమున నోటి కాన్సరు ఇంత హెచ్చుగా నుండుటకు హేతువేమని విచారించిరి. వేయిమంది రోగుల వివరములను పరిశీలించి 1944లో ప్రకటించిరి. పొగాకు, సున్నము కలిపిన ముద్దను ఏ బుగ్గన దాచుకొందురో పుండు తరచుగా నచ్చటనే పుట్టును. దోషము జాతిలో లేదు, అలవాటులోనే కలదు. కోస్తా ఆంధ్రమున చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకొను అడ్డపొగ వలన స్త్రీలకు అంగిలి కాన్సరు కలుగుటయు నిట్టిదే.

తాంబూలమీయనిదే మర్యాద తీరదనుకొను గృహములలో ఈ మాట చెవి కెక్కుట సులభము కాదు. అలవాటు మానిన తప్పునట్టి వ్యాధి యని తెలిసియు జనులు మానరైరి.

1952లో భారతీయ కాన్సరు పరిశోధన కేంద్రము ఆయన సారథ్యముననే నెలకొన్నది. కుష్ఠువ్యాధి పరిశోధనయు గావించిరి. 1954లో పద్మభూషణ బిరుదము లభించెను. కొంతకాలము బొంబాయి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి.

ఖానోల్కర్ 1978లో గతించిరి. పొగాకుతోడి తాంబూలము కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1985లో ప్రకటించెను. పొగాకు లేకున్నను వక్క యొక్కటియే చాలునని 2004లో తేల్చెను.