సర్ రామనాథ చోప్రా

పెరటిలోని గలిజేరు, అడవిలోని కొడిశపాల మన పెద్దలు తరతరములుగా మందులుగా వాడినవే. అవి నిజముగా గుణమిచ్చునా? ఇచ్చినచో వానిలోని యే పదార్థమువలన? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై జీవితమును ధారపోసిన మహనీయుడు సర్ రామనాథ చోప్రా.

వీరు 1882లో, నేటి పాకిస్తానులోని గుజ్రన్‌వాలాలో జన్మించిరి. కేంబ్రిడ్జిలో వైద్యవిద్య నభ్యసించి, 1921లో కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ఔషధశాస్త్రాచార్యులైరి.

ఆనాడు పాశ్చాత్య వైద్యమును నేర్చినవారిలో పలువురు మన మూలికలను తృణీకరించుచుండిరి. జనులు వానిని పరీక్షింపకయే నమ్ముచుండిరి. చోప్రాగారు ఈ రెండు త్రోవలను విడిచిరి. మూలిక సారమును రసాయనశాలలో వేరుపరచి, జంతువులపై దాని ప్రభావమును గమనించి, పిమ్మట ఆసుపత్రిలో రోగుల కిచ్చి చూచుట వారి పద్ధతి. గలిజేరు మూత్రమును జారీ చేయు విధమును, జిగట విరేచనములకు కొడిశపాల బెరడు పనిచేయు విధమును వారట్లే శోధించిరి.

బీహారు ప్రాంతమున పిచ్చికి మందుగా వాడు సర్పగంధ వేరును పరీక్షించి, అందలి క్షారపదార్థము రక్తపుపోటును తగ్గించునని 1933లో సహచరులతో కలిసి ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండియే రిసర్పిను అను మందును వేరుపరచిరి. అది లోకమంతట వ్యాపించెను.

మంచి మూలికయైనను కల్తీయైనచో ప్రాణాపాయమే. 1930-31లో వీరి అధ్యక్షతన ఔషధ విచారణ సంఘము ఈ విషయమును పరిశీలించెను. 1940 నాటి ఔషధ చట్టమునకు అదియే పునాది.

చోప్రాగారు 1973లో పరమపదించిరి. పెద్దల మాటను గౌరవించుట యనగా దానిని పరీక్షించి నిగ్గు తేల్చుటయే యని వారి జీవితము బోధించుచున్నది.