ఉస్మానియా ఆస్పత్రి ఆయనదే.. చార్మినార్ యునానీ దవాఖానా కూడా ఆయనదే!

చార్మినార్ దగ్గర గాజుల షాపింగ్‌కి వెళ్లారా? పక్కనే ఉన్న పెద్ద బిల్డింగ్ చూసే ఉంటారు. ప్యాలెస్ అనుకుంటే పొరపాటే. అది నిజామియా జనరల్ హాస్పిటల్. పాతబస్తీ వాళ్లకి మాత్రం యునానీ దవాఖానా. కట్టించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

1886లో పాతబస్తీలోని పురానీ హవేలీలో పుట్టారు. 1911లో గద్దెనెక్కారు. అప్పటికి మూడేళ్ల క్రితమే మూసీ వరద సిటీని ముంచేసింది. అఫ్జల్‌గంజ్‌లో ఉన్న పాత ఆస్పత్రి కూడా కొట్టుకుపోయింది. అదే ఏరియాలో, మూసీ ఒడ్డునే ఆయన ఉస్మానియా ఆస్పత్రి కట్టించారు. అక్కడ అల్లోపతి వైద్యం. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో అయితే ఎంబీబీఎస్ పాఠాలు కూడా ఉర్దూలోనే చెప్పించారు. అప్పట్లో అది మామూలు విషయం కాదు!

ఇంత చేసిన నిజాంకి సొంతంగా గురి మాత్రం యునానీ మీదే. అందుకే 1930ల్లో చార్మినార్ పక్కన దానికీ ఓ పెద్దాస్పత్రి వచ్చింది. హకీంలను తయారుచేసే తిబ్బీ కాలేజీ కూడా అక్కడే.

అసలు యునానీ అంటే? యునాన్ అంటే గ్రీస్. అక్కడ మొదలై, అరబ్ దేశాల మీదుగా మన దగ్గరికి వచ్చిన వైద్యం ఇది. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం.. ఈ నాలుగూ బ్యాలెన్స్ తప్పితే జబ్బు వస్తుందంటుంది. హకీం నాడి పడతారు, తిండి మారుస్తారు, మూలికల మందు ఇస్తారు. ఇవాళ్టి సైన్స్ ఈ నాలుగు ద్రవాల లెక్క ఒప్పుకోదు. అలాగని ప్రతి మూలికా వేస్ట్ అని కాదు, మందు మందుకీ టెస్ట్ జరగాల్సిందే. హకీం మందు మొదలుపెట్టి షుగర్, బీపీ గోలీలు సొంతంగా ఆపేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. రెండూ వాడేవాళ్లు ఆ సంగతి ఇద్దరు డాక్టర్లకీ చెప్పాలి.

నిజాం దగ్గర ఈ రెండు వైద్యాలకీ గొడవ లేదు. దేని బిల్డింగ్ దానికి కట్టించారు, జనం తమకి కావాల్సిన గేటులోకి వెళ్లారు. ప్రపంచంలోనే రిచ్ అని పేరున్నా సొంత ఖర్చు దగ్గర మహా పిసినారి అంటారు. దవాఖానాల దగ్గర ఆ పిసినారితనం కనిపించదు.

1948లో రాజ్యం పోయింది. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు.

2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి రావడంతో ఉస్మానియా పాత బిల్డింగ్‌ని ఖాళీ చేయించారు. చార్మినార్ పక్కన హకీంలు మాత్రం ఇంకా ఓపీ చూస్తూనే ఉన్నారు.