సాధు సుందర్ సింగ్ గారి ఉపవాసము

మన దేశపు సంఘములలో సాధు సుందర్ సింగ్ గారి పేరు విననివారు తక్కువ. ఆయన 1889 సెప్టెంబరు 3వ తేదీన పంజాబులోని రాంపూరు గ్రామమున సిక్కు కుటుంబములో జన్మించెను. తల్లి మరణించిన పిమ్మట ఆ బాలుడు క్రీస్తు మార్గమును ద్వేషించి, 1904లో సువార్త పుస్తకమును కాల్చివేసెను. కొలది దినములకే ప్రభువు దర్శనము పొంది, మరుసటి యేట తన పదునారవ జన్మదినమున సిమ్లాలో బాప్తిస్మము తీసికొనెను. తరువాత కాషాయవస్త్రము ధరించి, కాలినడకను ఊరూర సువార్త ప్రకటించుచు టిబెట్టు వరకు వెళ్లెను.

1913 ఆరంభములో ఆయనకు ఇరువది మూడేండ్లు. ప్రభువువలె నలువది దినములు ఉపవాసముండగోరి, హరిద్వారము, డెహ్రాడూనుల నడుమనున్న అడవిలోనికి ఒంటరిగా పోయెను. దినములు లెక్కించుటకు నలువది రాళ్లు దగ్గర పెట్టుకొని, దినమునకొకటి తీసివేయుచుండెను. క్రమముగా చూపు మందగించెను, వినికిడి తగ్గెను. రాయిని కదలించు శక్తియు పోయెను. ఎన్ని దినములు గడచెనో ఆయనకే తెలియలేదు. అడవికి వచ్చిన కూలివారు ఆయనను చూచి మోసికొనిపోయిరి. క్రైస్తవులు ఉపచారము చేయగా తేరుకొనెను. ఈలోగా ఆయన చనిపోయెనని స్నేహితులకు తంతివార్తలు అందెను.

ఆ దినములలో పొందిన సమాధానమును సాధువుగారు గొప్పగా ఎంచెను. దానిని మేము తక్కువ చేయము. అయితే ఒక సంగతి ఆలోచింపవలెను. ఆయన 1918లో దక్షిణ హిందూదేశమున, 1920లో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలలో, 1922లో ఐరోపాలో సాక్ష్యమిచ్చెను. 1929లో టిబెట్టుకు బయలుదేరి మరల కానరాలేదు. ఆ కూలివారు ఆ దారిని రాకపోయినయెడల, ఈ పదునారు సంవత్సరముల సేవ లేకపోయెడిది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములలో శ్రమకాలమున ఉపవాసముండు విశ్వాసులు అనేకులు. శ్రమకాలము ఎండలు ముదురు కాలము. ఒక పూట మానుట వేరు, దినముల తరబడి మానుట వేరు. ఆహారము లేనప్పుడు దేహము మొదట కాలేయములో దాచిన చక్కెరను వాడుకొనును. అది సుమారు ఒక దినములో తరుగును. పిమ్మట కొవ్వును, కండను కరిగించుకొనును. షుగరు మాత్రలు గాని ఇన్సులిను గాని తీసికొనువారు తినకయున్నచో, చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. బి.పి., మూత్రపిండముల జబ్బు గలవారికిని, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును అపాయము కలదు. బహు దినముల ఉపవాసము విడిచి ఒక్కసారిగా కడుపునిండ భుజించినచో, రక్తములోని లవణములు తారుమారై గుండెకే ముప్పు రావచ్చును.

వైద్యుని అడుగుట అవిశ్వాసమని కొందరు తలంతురు. లూకా వైద్యుడై పౌలుతో కలిసి సేవ చేసెను. పౌలు తిమోతి కడుపు జబ్బును గూర్చి పత్రికలోనే సలహా వ్రాసెను. నలువది దినముల ప్రయాణమునకు ముందు ఏలీయాకు దూత రెండుమారులు ఆహారమిచ్చెను. యాయీరు కుమార్తెను లేపిన ప్రభువు, ఆమెకు భోజనము పెట్టుమని చెప్పెను.

కనుక ప్రియులారా, దీర్ఘోపవాసము తలపెట్టువారు ముందుగా సర్కారు దవాఖానకు పోయి డాక్టరుతో మాటలాడుడి. వాడుచున్న మాత్రలన్నియు చూపుడి. ఎన్ని దినములు ఉండవచ్చును, నీళ్లు ఎంత త్రాగవలెను, ఏ మాత్ర తగ్గింపవలెను, ఉపవాసమెట్లు విడువవలెను అని అడుగుడి. మీ అంతట మీరు మందు మానకుడి. వద్దని డాక్టరు చెప్పినయెడల, ఆ దినములను ప్రార్థనకును, బీదల సహాయమునకును ప్రత్యేకించుడి. అడవిలో సాధువుగారు ఒంటరిగానుండిరి. మీరు మాత్రము ఇంటివారికి చెప్పియే ఆరంభించుడి. కళ్లు తిరిగినను, మాట తడబడినను, వారు వెంటనే 108కు ఫోను చేయవలెను.