ఆమీ జాన్సన్

ఇంగ్లండు దేశమున హల్ అను రేవుపట్టణమున 1903వ సంవత్సరమున ఆమీ జాన్సన్ జన్మించెను. ఆమె పట్టభద్రురాలై, లండనులో ఒక న్యాయవాది కార్యాలయమున ఉద్యోగము చేయుచు, తీరిక వేళల విమానము నడుపుట నేర్చెను. యంత్రములను బాగుచేయు విద్యలోను ఆరితేరి, 1929లో ప్రభుత్వమువారి అనుమతిపత్రమును పొందెను.

1930 మే 5వ తేదీన, ఆమె చిన్న విమానములో ఒంటరిగా లండను చెంతనున్న క్రోయిడన్ నుండి ఆస్ట్రేలియాకు బయలుదేరెను. ఆ దేశపు ఉత్తరతీరమునగల డార్విన్ నగరమునకు ఆమె పోవలసిన దూరము సుమారు 11,000 మైళ్లు. 1928లో హింక్లర్ అను వైమానికుడు 16 దినములలోపల అచ్చటికి చేరియుండెను. ఆమీ ఆరవ దినముననే కరాచీ చేరి అతనిని మించెను. ఝాన్సీ, కలకత్తా నగరములను దాటెను.

కాని రంగూను సమీపమున వాన క్రమ్ముకొనగా ఒక ఆటస్థలమున దిగవలసివచ్చెను. విమానము గోతిలో ఒరిగి రెక్క విరిగెను. స్థానికుల సాయముతో దానిని బాగుచేయుటలో విలువైన దినములు గడచిపోయెను. హింక్లరును మించు ఆశ అడుగంటెను. అయినను ఆమె వెనుదిరుగలేదు. మే 24వ తేదీన డార్విన్ చేరి, ఆ మార్గమున ఒంటరిగా పయనించిన మొదటి మహిళయని కీర్తి గాంచెను.

యుద్ధకాలమున విమానములను చేరవేయుచు, 1941 జనవరిలో ఆమె థేమ్స్ నదీముఖమున అసువులు బాసెను.

2018లో లండను, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరముల నడుమ ఎచ్చటను ఆగక సుమారు 17 గంటలలో చేరు విమానములు ప్రారంభమైనవి. ఆ సుదీర్ఘ మార్గమున తొలుత సాహసించి నడచినవారిలో ఆమీ జాన్సన్ ఒకతె.